సరస్సులోని శక్తి లెక్క
అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున సీడార్ బాగ్ అను చిన్న సరస్సు కలదు. రేమండ్ లిండెమన్ అను పరిశోధక విద్యార్థి, భార్య ఎలినార్ తోడ్పాటుతో, ఏండ్ల తరబడి అందలి నాచును, పురుగులను పరిశీలించెను. ప్రాణుల పట్టికతో అతడు తృప్తి చెందలేదు. ఎండనుండి మొక్కకు, మొక్కనుండి పురుగుకు, పురుగునుండి చేపకు చేరు శక్తి యెంత? మెట్టుమెట్టున తరుగునది యెంత? ఇందుకు జీవశాస్త్ర మొక్కటే చాలదు; భౌతికశాస్త్రము, గణితము తోడు రావలెను.

1941లో డాక్టరేటు పొంది, యేల్ విశ్వవిద్యాలయమున హచిన్‌సన్ ఆచార్యుని చేరెను. అతని వ్యాసమున సిద్ధాంతము మితిమీరినదని పరిశీలకులు తొలుత త్రోసిపుచ్చిరి. హచిన్‌సన్ పట్టుబట్టగా 1942లో అది 'ఎకాలజీ' పత్రికలో వెలువడెను. అప్పటికే, ఇరువదియేడేండ్లు నిండకమునుపే, లిండెమన్ కన్నుమూసెను.

నేడు ఆవరణ వ్యవస్థ పాఠమున శక్తి ప్రవాహమును బోధించుటకు ఆ వ్యాసమే పునాది. పిల్లలకు చెరువు చూపబోవు సైన్సు ఉపాధ్యాయుడు లెక్కల మాస్టారును గూడ వెంటబెట్టుకొని పోవుట మేలు.