వెయ్యి దగ్గర ఆగిపోయే లెక్క

నాగర్‌కర్నూలు జిల్లా తిమ్మాజిపేటలో ఉంటూ ఒక సారు గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్తున్నాడనుకుందాం. నెలకు 99 రూపాయల చందా. కట్టినవాళ్లకే వీడియోలు, మోడల్ పేపర్లు. ప్రతి నెలా కొత్తగా 50 మంది చేరుతున్నారు, ఉన్నవాళ్లలో నూటికి 5 మంది మానేస్తున్నారు. ఈ సైటుకు చివరికి ఎంతమంది సభ్యులుంటారు?

ఏడాది తిరిగేసరికి 460. రెండేళ్లకు 708. మూడేళ్లకు 842. ఆపైన నడక మందగిస్తుంది, వెయ్యి మాత్రం దాటదు. సభ్యులు వెయ్యికి దగ్గరయ్యేసరికి నెలనెలా మానేసేవాళ్లు కూడా 50 మందే అవుతారు మరి. కొత్తగా చేరేవాళ్ల సంఖ్యను మానేసే శాతంతో భాగిస్తే ఏ చందా సైటుకైనా గరిష్ఠ పరిమితి తెలిసిపోతుంది. మానేసేవాళ్లు 10 శాతమైతే 500, 3 శాతమైతే 1,667. సైటు రంగులూ లోగోలూ ఎంచుకోవడానికి నెలలు ఖర్చుపెట్టేవాళ్లు ఈ చిన్న భాగహారం చేయకపోవడం నాకెప్పుడూ వింతే.

ప్రకటనలకు డబ్బు పోసి నెలకు 100 మందిని తెచ్చినా, మానేసేవాళ్లను 2.5 శాతానికి తగ్గించినా పరిమితి 2,000కే పెరుగుతుంది. తేడా వేగంలో ఉంది. మొదటి దారిలో ఏడాదికి 919 మంది అవుతారు, రెండో దారిలో 524 మందే. అందుకే చాలామంది ప్రకటనల వెంట పడతారు. కానీ ప్రకటన ఆపిన నెల ఆ 100 మళ్లీ 50కి వస్తుంది. పాఠం బాగుందని ఉండిపోయినవాళ్లకు మాత్రం నెలనెలా ఖర్చుపెట్టక్కర్లేదు.

ఇప్పుడు చేతికొచ్చేదెంతో చూద్దాం. సొంత సైటులో పేమెంట్ గేట్‌వే 2 శాతం తీసుకుంటే, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 99 రూపాయల్లో 2.34 పోతాయి. మిగిలేది 96.66. ఇదే సారు యూట్యూబ్ చానల్ మెంబర్‌షిప్ పెడితే యూట్యూబ్ 30 శాతం ఉంచుకుంటుంది, 69.30కి మించి మిగలవు. గూగుల్ ప్లే ద్వారా యాప్‌లో చందా తీసుకుంటే 15 శాతం కోత. అయితే సొంత సైటుకు డొమైన్, హోస్టింగ్, వీడియోలు దాచుకునే ఖర్చు వేరే ఉంటాయి. లాగిన్ కావట్లేదని రాత్రి పదింటికి ఫోన్ చేసే పిల్లలకు జవాబు చెప్పడం కూడా ఖర్చే. వందమంది సభ్యులు కూడా లేనప్పుడు కోత పడినా యూట్యూబే మేలు.

డబ్బు నెలనెలా దానంతటదే కట్ అయ్యే యూపీఐ ఆటోపే 2020 జులైలో వచ్చింది. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు మెసేజ్ వెళ్లాలి. మంచి నిబంధనే. సైటు నడిపేవాళ్లకు మాత్రం అది నెలనెలా పరీక్ష. మెసేజ్ చూడగానే ‘ఈ నెల ఒక్క వీడియో అయినా చూశానా’ అని సభ్యుడు తనను తాను అడుగుతాడు. జవాబు ‘లేదు’ అయితే అక్కడే రద్దు చేస్తాడు. ఖాతాలో 99 రూపాయలు లేక పోయేవాళ్లు వేరే. నెలాఖరులో కాకుండా ఇంటి నుంచి డబ్బులొచ్చే మొదటి వారంలో కోత పెట్టుకుంటే వీళ్లు కొంత తగ్గుతారు. ఇంకో దారి ఏడాది చందా. 2020లో మొదలైన తెలుగు ఓటీటీ ఆహా రోజుకు రూపాయి లెక్కన ఏడాదికి 365 రూపాయల ధర పెట్టింది. ఏడాది చందాలో సభ్యుడు ‘ఉందామా, మానేద్దామా’ అని పన్నెండుసార్లు కాదు, ఒక్కసారే ఆలోచిస్తాడు.

పన్ను దగ్గర ఒక గుంత ఉంది. సేవలకు ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 99 రూపాయల చందాతో ఏడాదంతా 1,683 మంది ఉంటే అంచుకు చేరినట్టే. దాటాక ధర పెంచకపోతే 99లో 15 రూపాయలకు పైగా పన్నుకే పోతాయి. పాత ఆదాయం మళ్లీ చూడాలంటే సభ్యులు దాదాపు 1,986కి చేరాలి. మధ్యలో చేరే 300 మందివల్ల పని పెరుగుతుంది, డబ్బు పెరగదు. కాబట్టి ధర పెంచేదేదో గీత దాటేలోపే పెంచుకోవాలి.

అన్నింటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ఉద్యోగ పరీక్షల చందాలో 5 శాతం అనే లెక్క నిలకడగా ఉండదు. ఉద్యోగం వచ్చినవాడు మానేస్తాడు, రానివాడు విసిగి మానేస్తాడు. నోటిఫికేషన్ రాగానే ఒక్కసారిగా వచ్చి, పరీక్ష మర్నాడే ఖాళీ అవుతారు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయ్యాయి. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. కోచింగ్‌కొచ్చినవాళ్లుండే హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఆ రెండేళ్లూ ఎలా గడిచాయో పాలమూరు పిల్లలనడగండి. చేదు మాటే కానీ, ఆ ఆలస్యమే కోచింగ్ చందాలను నిలబెట్టేది. ఆ పాపపు లెక్కమీద సైటు కట్టకూడదనుకుంటే నోటిఫికేషన్ నుంచి పరీక్షదాకా ఒకే ఫీజు పెట్టి, నెలవారీ చందాను రోజూ అవసరమయ్యే కరెంట్ అఫైర్స్‌కు మాత్రమే ఉంచడం మేలు.