పాలికిచ్చిన దూడ

రండర్రా, అరుగెక్కి కూర్చోండి. వెంచర్ క్యాపిటల్ అంటే అప్పేనా తాతయ్యా అని మన బుజ్జిగాడి సందేహం. కాదురా నాయనా! మనూళ్లో దూడని పాలికివ్వడం చూశారుగా? దూడ ఒకరిది, మేపే చాకిరీ ఇంకొకరిది. పెరిగి ఈనితే ఇద్దరూ పంచుకుంటారు. పాపం చచ్చిపోయిందనుకోండి, మేపినవాడు బాకీపడడు. వెంచర్ క్యాపిటలూ అంతే. బ్యాంకుకి వడ్డీ కావాలి, తాకట్టు కావాలి. వెంచర్ క్యాపిటల్ పెట్టేవాళ్లకి కంపెనీలో వాటా చాలు. చాలా దూడలు దక్కకపోయినా, ఒక్కటి బిందెలు నింపితే అన్నిటి నష్టమూ తీరిపోతుంది.

ఈ పద్ధతిని ఓ దారిన పెట్టినాయన జార్జ్ డోరియో. ఫ్రాన్సులో పుట్టాడు, అమెరికాలో హార్వర్డులో పాఠాలు చెప్పాడు, యుద్ధకాలంలో సైన్యంలో బ్రిగేడియర్ జనరల్ కూడా అయ్యాడు. ఆయన నడిపిన కంపెనీ 1946లో బోస్టన్‌లో మొదలైంది. 1957లో కెన్ ఓల్సన్, హార్లన్ ఆండర్సన్ అనే ఇద్దరు ఇంజనీర్లు తమ కొత్త కంపెనీకి పెట్టుబడి కోసం ఆ కంపెనీ గుమ్మం ఎక్కారు. ప్రతిపాదనలో కంప్యూటర్లు చేస్తామని మాత్రం రాయకండి, ఆ వ్యాపారంలో అందరూ చేతులు కాల్చుకుంటున్నారని వాళ్లకి సలహా దొరికింది! సరేనని మేనార్డ్ అనే ఊళ్లో ఓ పాత ఊలుమిల్లులో చేరి, ముందు చిన్నచిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు అమ్మారు. 1959 కల్లా పీడీపీ-1 అనే కంప్యూటర్ చేసి చూపించారు. వాళ్ల కంపెనీలో డోరియో కంపెనీ 70 వేల డాలర్లు పెట్టి తీసుకున్న వాటా విలువ, సుమారు 15 ఏళ్లకి 35 కోట్ల డాలర్లు దాటింది.

అసలు తమాషా ఇక్కడుంది. ఓల్సన్ వాళ్ల కంపెనీ చేసిన పీడీపీ-7 మీద 1969లో కెన్ థాంప్సన్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాశాడు. 1975లో బిల్ గేట్స్, పాల్ అలెన్ ఆల్టెయిర్ అనే బుల్లి కంప్యూటర్ మీద బేసిక్ అనే భాష నడిచేలా ప్రోగ్రామ్ రాశారు. ఆల్టెయిర్ వాళ్ల దగ్గర లేనేలేదు! హార్వర్డులోని పీడీపీ-10 చేతనే ఆల్టెయిర్ వేషం వేయించి పని కానిచ్చారు. కంప్యూటర్ మాటెత్తితే జడిసినవాళ్ల డబ్బే, తెలియకుండా సాఫ్ట్‌వేర్‌కి పునాది వేసింది.

సాఫ్ట్‌వేర్ అంటే మదుపరులకి అంత మోజెందుకంటారా? యంత్రం ఎన్ని అమ్మితే అన్నిసార్లు ఇనుమూ రాగీ కొనాలి. ప్రోగ్రామ్ ఒక్కసారి రాస్తే చాలు, రెండో నకలుకి ఖర్చు దాదాపు లేదు. ఇప్పుడొచ్చిన కృత్రిమ మేధ ఈ లెక్కని కాస్త తిరగేసింది. అడిగిన ప్రతి ప్రశ్నకీ చిప్పులు పనిచేయాలి, కరెంటు కాలాలి. అంచేత రేపెవరైనా కొత్త సాఫ్ట్‌వేర్ గురించి గొప్పగా చెబితే, ఇంకొక్కరికి అందించడానికి ఎంతవుతుందో అడగండి. ఆ జవాబు విన్నాకే పాలికి దిగండి.