గుండె గీతల్లో ఉప్పు లెక్క

పొలానికి వేసే పొటాష్ బస్తాలో ఉండేది పొటాషియం క్లోరైడ్. మన నెత్తురులో తిరిగే పొటాషియం కూడా ఆ మూలకమే. పైరుకు ఒక పాలు ఎక్కువైనా తక్కువైనా తట్టుకుంటుంది. గుండె తట్టుకోదు. నెత్తుటిలో ఈ ఉప్పు లెక్క తప్పితే, ఆ సంగతి ఈ.సి.జి. కాగితం మీద గీతల రూపంలో కనబడుతుంది. అదెలాగో చూద్దాం.

లవణాలు నీళ్లలో కరిగితే విద్యుదావేశం గల అయాన్లుగా విడిపోతాయని ఇంటర్‌లోనే చదువుకున్నాం. లీటరు నెత్తురు ద్రవంలో పొటాషియం 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మాత్రమే ఉంటుంది. కణం లోపల మాత్రం దాదాపు 140. ఈ తేడాయే గుండె కణానికి బ్యాటరీ. దీన్ని నిలబెట్టడానికి కణపు పొరలో ఒక పంపు రాత్రింబవళ్లు పని చేస్తుంది. మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఆ పంపును 1957లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కో కనుగొన్నాడు. దానికి ఇంధనం ఏ.టి.పి. దాన్ని 1929లో వెలికి తీసినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఇక ఈ.సి.జి. సంగతి. నెదర్లాండ్స్‌కు చెందిన ఐంతోవెన్ 1903 నాటికి గుండె విద్యుత్తును స్పష్టంగా నమోదు చేసే యంత్రం తయారు చేసి, 1924లో నోబెల్ బహుమతి పొందాడు. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది. పై గదులు ఉత్తేజం పొందితే పి తరంగం, కింది గదులకు క్యు.ఆర్.ఎస్., ఆ కింది గదులు తిరిగి సర్దుకునేటప్పుడు టి తరంగం.

నెత్తుటిలో పొటాషియం పెరిగితే మొదట టి తరంగం సన్నగా, ఎత్తుగా, గుడారంలా లేస్తుంది. కణం త్వరత్వరగా సర్దుకోవడమే కారణం. ఇంకా పెరిగితే సోడియం దారులు చాలా వరకు మూతపడతాయి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలినా తూములు సగం మూసి ఉంటే చివరి పొలానికి ఆలస్యంగా అందినట్టు, విద్యుత్తు గుండెలో మెల్లగా పాకుతుంది. పి తరంగం చదునై మాయమవుతుంది, క్యు.ఆర్.ఎస్. వెడల్పవుతుంది. చివరికి క్యు.ఆర్.ఎస్., టి తరంగం కలిసిపోయి అల మాదిరి గీత మిగులుతుంది. ఆ తర్వాత గుండె ఆగవచ్చు.

తగ్గితే కథ తిరగబడుతుంది. విపరీతంగా విరేచనాలైన మనిషిలో టి తరంగం పడిపోయి, దాని వెనుక యు అనే చిన్న అల తేలుతుంది. అందుకే ఓ.ఆర్.ఎస్. పొడిలో మామూలు ఉప్పుతో పాటు లీటరుకు 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కలుపుతారు.

కాల్షియం పాత్ర వేరు. 1883లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెలతో ప్రయోగాలు చేశాడు. కుళాయి నీటితో చేసిన ఉప్పు ద్రావణంలో గుండె కొట్టుకుంది. స్వేదన జలంతో చేస్తే త్వరలోనే ఆగింది. తేడా కుళాయి నీటిలోని కాల్షియం! ఊళ్లలో ఎక్కించే ఆర్.ఎల్. బాటిల్ పేరులో మొదటి అక్షరం ఆయనదే. కాల్షియం తగ్గితే క్యు నుంచి టి దాకా దూరం సాగుతుంది, పెరిగితే కుంచించుకుపోతుంది. సోడియం హెచ్చుతగ్గులు మాత్రం ఈ.సి.జి.లో అంతగా కనబడవు. వాటి దెబ్బ మెదడు మీద పడుతుంది.

ఇది పుస్తకాల విషయం మాత్రమే కాదు. మా మేనమామకు మూత్రపిండాల జబ్బు. బి.పి.కి మంచిదని ఎవరో చెబితే సోడియం తక్కువ ఉండే ఉప్పు వాడాడు. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియం క్లోరైడే. పాడైన మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు. "ఏం లేదు అల్లుడా, జర కాళ్లల్ల సత్తువ లేదు" అన్నాడు. మిర్యాలగూడలో ఈ.సి.జి. తీస్తే వరుసగా గుడారాలు! రక్తపరీక్ష ఫలితం రాకముందే డాక్టరుగారు కాల్షియం ఇంజెక్షన్ చేసి, ఆపై డయాలసిస్‌కు పంపారు. ఆ కాల్షియం పొటాషియాన్ని తగ్గించదు. గుండె కణాలకు కొంతసేపు రక్షణ ఇస్తుంది, అంతే. ఇన్సులిన్, గ్లూకోజ్ కలిపి ఇస్తే పొటాషియం కణాల లోపలికి పోతుంది. ఒంట్లోంచి బయటికి పోవాలంటే డయాలసిస్ వంటిది కావాలి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. పొటాషియం బాగా పెరిగినా ఒక్కోసారి ఈ.సి.జి. మామూలుగానే ఉంటుంది. కనుక రక్తపరీక్ష తప్పదు. అలాగే తీసిన నెత్తురులో కణాలు చిట్లితే వాటి లోపలి పొటాషియం బయటపడి, లేని జబ్బు ఉన్నట్టు లెక్క వస్తుంది. కోదాడ పక్క పల్లెల నుంచి సీసాలు కుదుపుల్లో, ఎండలో పట్నం చేరేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

2019లో సూర్యాపేటలో, నల్లగొండలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వైద్యం దగ్గరైంది. కాని మూత్రపిండాల రోగి డయాలసిస్ ఒక్క వారం మానినా, డాక్టరును అడగకుండా కొబ్బరినీళ్లు తాగినా, ఉప్పు మార్చినా, ప్రమాదం ఇంట్లోనే మొదలవుతుంది. మన ఇళ్లల్లో అలాంటి పెద్దలుంటే, మనలో సైన్సు చదివినవాళ్లం ఈ నాలుగు మాటలు వాళ్లకు అర్థమయ్యేలా చెబుదాం. కాళ్లల్లో సత్తువ తగ్గిందని వాళ్లంటే మాత్రం తెల్లారేదాకా ఆగవద్దు.