తెరమీది అంకె, లోపలి అంకె ఒకటేనా?

డిప్లొమా, బి.సి.ఎ., ఇంజినీరింగ్ చదివే మన విద్యార్థులు చాలామంది ప్రాజెక్టు కింద ఏదో ఒక దరఖాస్తు ఫారాన్ని కంప్యూటర్‌లో తయారు చేస్తుంటారు. పేరు, మార్కులు, బ్యాంకు ఖాతా నంబరు నింపే టెక్స్ట్ బాక్సులు తెరమీద చక్కగానే కనిపిస్తాయి. అయితే నేను వారిని ముందుగా అడిగేది ఒకటే: బాక్సులో కనిపించే అంకె, ప్రోగ్రామ్ లోపలి అంకె ఒకటేనా?

దేవసూగూరు వారికి శక్తినగర్ థర్మల్ విద్యుత్ కేంద్రం కొత్త కాదు. అక్కడ మొదటి యూనిట్ 1985లో మొదలైంది. అలాంటి కేంద్రాల్లో కంట్రోల్ రూములో ఉన్నవారు ఆవిరి పీడనాన్ని మీటరులోనే చూస్తారు. మీటరు పీడనాన్ని చూపుతుంది గానీ, అదే పీడనం కాదు. మధ్యలో తీగ తెగితే రెండింటికీ పొంతన ఉండదు. టెక్స్ట్ బాక్సు కూడా అంతే. అసలు సమాచారం ప్రోగ్రామ్ లోపల ఆబ్జెక్ట్‌లో ఉంటుంది. బాక్సులో ఉన్నది దాని నకలు. సేవ్ అయ్యేది ఆబ్జెక్టే కనుక, స్కాలర్‌షిప్ డబ్బు కూడా అందులోని ఖాతాకే వెళుతుంది.

ఈ రెండింటినీ కలిపి ఉంచడాన్ని డేటా బైండింగ్ అంటారు. టైపు చేసింది ఆబ్జెక్ట్‌కు చేరాలి. ఆబ్జెక్ట్‌లో విలువ మారితే అది తెరమీదికీ రావాలి. రెండోది జరగాలంటే "నా విలువ మారింది" అని ఆబ్జెక్టే చాటాలి. 1979లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో ట్రిగ్వె రీన్‌స్కౌగ్ రూపొందించిన మోడల్-వ్యూ-కంట్రోలర్ పద్ధతి సమాచారాన్ని, దాని రూపాన్ని వేరుచేసింది. జావాలో ప్రాపర్టీ ఛేంజ్ లిజనర్, డాట్‌నెట్‌లో ఐ-నోటిఫై-ప్రాపర్టీ-ఛేంజ్‌డ్ ఈ చాటింపు కోసమే ఉన్నాయి.

ఇక నాలుగు జాగ్రత్తలు చెబుతాను.

ఒకటి, సమయం. డాట్‌నెట్‌లోని డబ్ల్యు.పి.ఎఫ్.లో మనం వేరే ఏర్పాటు చేయకపోతే, కర్సర్ బాక్సును వదిలి వెళ్లినప్పుడే విలువ ఆబ్జెక్ట్‌కు చేరుతుంది. ఖాతా నంబరు దిద్ది, కర్సర్ కదపకుండానే కీబోర్డు మీద కంట్రోల్-ఎస్ నొక్కితే తెరమీద కొత్త నంబరు ఉంటుంది, ఫైలులోకి మాత్రం పాత నంబరు వెళ్లవచ్చు. కాబట్టి సేవ్ చేసేముందు బాక్సులోని విలువను ఆబ్జెక్ట్‌కు చేర్చే వరుస తప్పక రాయండి.

రెండు, గిరికీ. బాక్సు ఆబ్జెక్ట్‌ను, ఆబ్జెక్ట్ మళ్లీ బాక్సును మార్చుకుంటూ పోకూడదు. కొత్త విలువ పాతదే అయితే చాటింపు వేయకండి. జావా స్వింగ్‌లో డాక్యుమెంట్ లిజనర్ లోపలినుంచే అదే బాక్సు పాఠాన్ని మార్చబోతే ప్రోగ్రామ్ ఎర్రర్ ఇస్తుంది.

మూడు, రకం. ఖాతా నంబరుతో కూడికలు, తీసివేతలు చేయం. దానిని అంకెగా కాక అక్షరమాలగా, అంటే స్ట్రింగ్‌గా దాచండి. లేకుంటే మొదట ఉన్న సున్నాలు పోతాయి.

నాలుగు, తప్పు విలువ. మార్కుల బాక్సులో అక్షరాలు కొడితే పాత విలువనే గుట్టుగా ఉంచేయకూడదు. తప్పును బాక్సు పక్కనే చూపించి, సేవ్‌ను ఆపాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. కంప్యూటర్‌లో దరఖాస్తు నింపించినప్పుడు తెరను చూసి తృప్తిపడకండి. సేవ్ చేశాక ఫారాన్ని మూసి, మళ్లీ తెరిపించి, ఖాతా నంబరును పాస్‌బుక్‌తో సరిచూడండి. విద్యార్థులు కూడా తమ ప్రాజెక్టును ముందుగా ఇదే పరీక్షకు పెట్టాలి.