కచేరీ భాష, ప్రజల భాష

పరాజితులు విజేతల వేషభాషలను అనుకరిస్తారని ఇబ్నె ఖల్దూన్ 1377లో రచించిన 'ముఖద్దిమా'లో వివరించాడు. హైదరాబాదు సంస్థానంలో ఈ అనుకరణ కచేరీ ద్వారా సాగింది. ప్రజల్లో దాదాపు సగంమంది తెలుగువారైనా రాజభాష ఉర్దూయే. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష కూడా అదే.

వరంగల్లు సుబాలోని టేకుమట్ల వంటి గ్రామాలలో తెలుగు మాత్రమే తెలిసిన రైతు, ముస్లిమైనా హిందువైనా, అర్జీ రాయించుకోవడానికి మరొకరిని ఆశ్రయించవలసిందే. కనుక భాషాధికారాన్ని మతాధికారంగా భావించడం పొరపాటు. ఉర్దూ ప్రభుత్వ భాషే గాని ముస్లిములందరి ఇంటి భాష కాదు. దూదేకులవారి ఇళ్లలో తెలుగే వినిపిస్తుంది.

1948లో నిజాం పాలన అంతరించింది. తహసీలు, పహాణీ, దస్తావేజు అనే మాటలు మాత్రం తెలుగువారి నోట నిలిచిపోయాయి. మాటకు హోదా నిచ్చేది ప్రభుత్వం. ఆయుష్షు నిచ్చేది ప్రజల వాడుక.