బ్రౌన్ దొర దాచిన జాబులు

పూర్వం కృష్ణా డెల్టాలోని ఇళ్లలో చదివిన ఉత్తరాలను ఇనుపతీగెకు గుచ్చి దూలానికి వేలాడదీసేవారు. శుభలేఖ అంచులకు పసుపు రాసేవారు. మరణవార్త తెచ్చిన జాబును మాత్రం చదివిన వెంటనే చించివేసేవారు. వంశచరిత్ర రాయబూనిన వారికి అత్యవసరమైన తేదీలు ఆ చింపిన కాగితాలతోనే పోయాయి. గుడివాడ మొదలు దివిసీమ వరకు తీగెకు మిగిలిన వాటిని చెదలు, ఉప్పుగాలి, తుపానులు హరించాయి. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది ప్రాణాలు పోయాయి. మనుషులే మిగలని చోట కాగితాల ఊసెత్తేవారెవరు?

ఈ సీమలో కొంతకాలం ఉద్యోగం చేసిన ఒక ఆంగ్లేయుడు తనకు వచ్చిన జాబులను పదిలంగా దాచారు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884). 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో కొలువు ఆరంభించి, తరువాత మచిలీపట్నానికి వచ్చారు. వేమన పద్యాలపై ఆయనకు ఆసక్తి అంకురించిన కాలమది. 1829లో ఆ పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చు వేయించారు. 1852లో వెలువడిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ పండితులకు అక్కరకు వస్తున్నది. ఇవన్నీ లోకవిదితాలే. ఆయన జాబులు దాచిన సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు.

గ్రంథాల సేకరణకు, పాఠపరిష్కారానికి బ్రౌన్ తన సొంత డబ్బుతో పండితులను, లేఖకులను నియమించుకున్నారు. ఆ పనులకు సంబంధించిన ఉత్తరప్రత్యుత్తరాలు మద్రాసులోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరి చాలాకాలం మరుగున పడి ఉన్నాయి. ‘బంగోరె’గా ప్రసిద్ధుడైన పరిశోధకుడు బండి గోపాలరెడ్డి 1970లలో వాటిని శ్రమించి వెలికితీసి ప్రకటించారు. కడప స్థానిక చరిత్రకు, తెలుగు పత్రికల తొలినాళ్ల చరిత్రకు ఆ జాబులలో ఆధారాలు లభించాయి.

గ్రంథరచనలో గ్రాంథికాన్ని విడువని పండితుడే జాబు రాసేటప్పుడు నోటిమాటకు దగ్గరగా వస్తాడు. రావలసిన జీతం, దొరకని తాటాకు ప్రతి, ఇంటి ఇబ్బంది ఛందస్సు కోసం ఆగవు కదా! కావ్యాలలో కానరాని ఆనాటి తెలుగు ఇటువంటి కాగితాలలోనే నిలుస్తుంది.

బ్రౌన్‌కు సమకాలికుడైన సుప్రసిద్ధ ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ దీనికి పూర్తిగా విరుద్ధంగా ప్రవర్తించారు. 1860 సెప్టెంబరులో తన ఇంటి ఆవరణలో మంట పెట్టించి, ఏళ్ల తరబడి తనకు వచ్చిన ఉత్తరాలను అందులో వేయించారు. ఆ బూడిదలో పిల్లలు ఉల్లిపాయలు కాల్చుకున్నారట! ఆంతరంగికమైన మాటలు పరుల పాలు కారాదన్నది ఆయన అభిమతం. అందులో న్యాయం లేకపోలేదు. అయితే ఆయన పరులకు రాసినవి ఆయన చేతికి అందలేదు. వాటిని పొందినవారు దాచుకున్నారు. అలా మిగిలిన 14,000కు పైగా ఉత్తరాలు 1965-2002 మధ్య 12 సంపుటాలుగా వెలువడ్డాయి. అక్కడ ఒక మహారచయిత కంఠమే వినిపిస్తుంది. బదులు పలికినవారు మంటలో కలిసిపోయారు. బ్రౌన్ దాచిన కట్టలలో అందుకు భిన్నంగా, చరిత్రలో పేరైనా నమోదు కాని లేఖకుల కంఠాలు మిగిలాయి.

చేతిరాతకు అచ్చుప్రతి సాటి రాదు. కొట్టివేత, వణికిన అక్షరం, అంచున ఇరికించి రాసిన ఆఖరి మాట అచ్చులో మాయమవుతాయి. మూలాన్ని కాపాడటమూ సులువు కాదు. ఇనుము కలిసిన పాతకాలపు సిరా కాలక్రమంలో కాగితాన్నే తినివేస్తుంది; మడత పడిన చోట కాగితం ముందుగా చిరుగుతుంది. అందుచేతనే లేఖాగారాలలో మడతలు విప్పి, ఆమ్లరహితమైన అట్టపెట్టెలలో, చెమ్మ తగలని గదులలో ఉత్తరాలను ఉంచుతారు.

ఇళ్లలో జరిగే నష్టం మరొకటి ఉంది. ఉత్తరంపై తేదీ వేయని వారు అనేకులు. అటువంటప్పుడు తపాలా ముద్రే శరణ్యం. బిళ్లలు సేకరించే పిల్లలు కవరు మూలను కత్తిరించినప్పుడు ఆ ముద్ర కూడా దానితోనే పోతుంది.