పాతయిల్లు కొనుటకు ముందు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని పెద్దలనిరి. పాతయిల్లు కొని చూడుమని మాత్రము వారనలేదు. ఆ కాలమున ఇల్లు కొనుట అరుదు. తాత కట్టిన యింట మనుమడు పుట్టెడివాడు. ఏ దూలము ఏ యేడు మార్చిరో, ఏ మూల వానకు కారునో యింటిల్లిపాదికి తెలిసియుండెడిది. నేడా కుటుంబములు హైదరాబాదునకు, బెంగుళూరునకు, అమెరికాకు తరలిపోయినవి. గోదావరి, కృష్ణా డెల్టా గ్రామములలో ఎన్నో మండువా లోగిళ్ళు తాళములతో నిలిచియున్నవి. ఉద్యోగవిరమణానంతరము పల్లెపట్టున ప్రశాంతముగా కాలము గడపగోరు ఉపాధ్యాయులు, ఉద్యోగులు కొందరు వీనిని బేరమాడుచున్నారు. ఇల్లు చేతులు మారును గాని, ఆ యింటిని గూర్చిన ఎరుక దానితోపాటు మారుట లేదు. చిక్కంతయు అక్కడనే కలదు.

ఇట్టి యింటిని కొనవచ్చువారు రెండు తెగలవారు. ఒకరు కాపురమునకు కొనువారు, మరియొకరు విప్పి కలప అమ్ముకొను వర్తకులు. పూర్వము ఏజెన్సీ అడవులనుండి గోదావరిపై తేలివచ్చిన టేకు ఈ యిండ్ల స్తంభములలో, దూలములలో ఇంకను ఉన్నది గనుక కలప వర్తకునకు వీనిపై కన్ను. ఆతడు వచ్చిన వెంటనే నిచ్చెన అడుగును. అటకపైకెక్కి దూలము దూలమును తట్టి చూచును. గోడలోనికి దూరిన చివరలను చాకుమొనతో గీకి చూచి, పుచ్చిన కర్రను లెక్కలోనుండి తీసివేసి, ఆ పిమ్మటనే ధర చెప్పును. కాపురమునకు కొనువారో, చెక్కడపు ద్వారబంధమును, ఉయ్యాలబల్లను, పెరటిలోని తులసికోటను చూచి మురియుదురు. వాస్తు చూచు పండితుని పిలిపించి, సింహద్వారము ఏ దిక్కుననున్నదో నిర్ణయింపజేసికొందురు. ఆ ద్వారబంధము అడుగున చెదలున్నవో లేవో అడుగువారు అరుదు. విప్పి అమ్మువానికున్న శ్రద్ధ, దానిక్రింద నిద్రింపబోవువానికి లేకుండుట వింతయే.

కాగితముల విషయమున ఇంత అశ్రద్ధ కనిపించదు. లింకు దస్తావేజులు, ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, వారసులందరి సంతకములు, ఆడుబిడ్డల హక్కులు, ఇవన్నియు న్యాయవాదికి చూపుదురు. చూపవలసినదే. ముఖ్యముగా గ్రామకంఠములోని పాతయిండ్లకు సర్వే నంబరు మేరలు సరిగా లేక తగవులు పుట్టుచుండెను. గ్రామములలోని నివాసస్థలములను డ్రోనులతో కొలిచి యజమానులకు పత్రములిచ్చు స్వామిత్వ పథకమును కేంద్రప్రభుత్వము 2020లో ప్రారంభించుటకు ఈ చిక్కులే కారణము. అయినను ఎన్ని కాగితములు చూచినను దూలము సంగతి వానిలో ఉండదు.

ఇక్కడ చట్టమేమనుచున్నదో తెలిసికొనుట మంచిది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము, 55వ సెక్షను ప్రకారము, ఆస్తిలో ముఖ్యమైన లోపమేదైన అమ్మువానికి తెలిసియుండి, కొనువానికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తతో ఆతడు కనిపెట్టజాలనిదైనచో, దానిని వెల్లడించు బాధ్యత అమ్మువానిది. ఈ వాక్యమును తిరుగవేసి చదివినచో అసలు సంగతి బోధపడును. సామాన్యమైన జాగ్రత్తతో కనిపెట్టదగిన లోపమైనచో దానిని చెప్పవలసిన భారము అమ్మువానిపై లేదు. నిచ్చెన వేసికొని ఎక్కి చూచియుండిన కనిపించెడి పుచ్చును గూర్చి, రిజిస్ట్రేషను పిమ్మట ఎవరితో మొరపెట్టుకొనుట?

కొనువారి అశ్రద్ధకు మొగమాటము కూడ ఒక కారణము. పెద్దవారి యింటికి పోయి, వారిచ్చిన కాఫీ త్రాగి, వారి తాతగారు కట్టించిన గోడను కొట్టి చూచుట మర్యాద కాదని జంకుదురు. గుణము చూడక పశువును కొనని రైతు కూడ యింటి దగ్గర ఈ మొగమాటమునకు లోనగును. ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించుట ఎద్దు యజమానికి అవమానమని ఎవ్వరును తలపరు గదా!

ఇంటిని చూచుటకు సంక్రాంతి దినములు తగినవి కావు. పండుగకు వెల్ల వేయుదురు. వెల్ల వేసిన గోడపై చెమ్మ మచ్చలుండవు, పగుళ్ళు పూడిపోవును. వేసవిలో నేల ఎండి గోడలు పొడిగా కనిపించును. శ్రావణ భాద్రపదములలో, రెండుమూడు దినములు ముసురుపట్టిన పిమ్మట పోయి చూచినచో ఇల్లు తన సంగతి తానే చెప్పును. అప్పుడు వీలుకానిచో వేసవిలోనైనను రెండు పర్యాయములు, ఒకసారి యజమాని ఎదుటను, ఒకసారి మేస్త్రీని, వడ్రంగిని వెంటబెట్టుకొనియు చూడవలెను.

మొదట చూడవలసినది కప్పు క్రింది కలప. టేకులో చేవను చెదలు అంత సులభముగా ముట్టవు. చేవ చుట్టునుండు తెల్లని కర్రను తినివేయును. తాటిదూలము ఇందుకు వ్యతిరేకము. దాని బలమంతయు వెలుపలి నల్లని పెచ్చులోనే గలదు. లోపలిది మెత్తని బెండు. కావున పైన కొద్దిగా పుచ్చిన టేకు ఇంకను బరువు మోయవచ్చును గాని, వెలుపల పుచ్చిన తాటిదూలమును నమ్మరాదు. చెదలు పైపొర చెడకుండ లోపల తొలుచుటలో నేర్పరులు. రంగు వేసిన దూలము కంటికి నిండుగా కనిపించును. సుత్తిపిడితో తట్టినచో డొల్లశబ్దము వచ్చును. గోడవెంట పెన్సిలు లావున ప్రాకిన మట్టి దారులు కనిపించినచో వానిని తుడిచివేసి వారము దినముల తరువాత చూడవలెను. మరల కట్టియుండినచో చెదలింకను జీవించియున్నట్లే. కర్రలో సన్నని రంధ్రములుండి క్రింద మెత్తని పిండి రాలుచున్నచో అది వేరొక పురుగు పని.

అన్నిటికంటె ముఖ్యముగా పరీక్షింపదగినది గోడలో దూరియుండు దూలపు కొన. నడుమ భాగమునకు గాలి తగులును. కొన మాత్రము తడి గోడలో ఊపిరాడక పడియుండును. కప్పు కూలినపుడు నడుమ విరుగుటకంటె కొన కుళ్ళి జారుటయే ఎక్కువ. దూలము నడుమ కొంచెము వంగియున్నంత మాత్రమున భయపడనక్కరలేదు. కర్ర దీర్ఘకాలము బరువు మోయగా వంగుట సహజము. ఈ కొసనుండి ఆ కొసకు దారము బిగించి ఎంత వంగినదో కొలిచి వ్రాసికొనవలెను. వంపు ఎక్కువగుచున్నదా, ఏనాడో ఆగినదా అనునది ముఖ్యము.

మండువా యింటి అందమంతయు నాలుగు వాలుల నీరు నడిమి వాకిట పడుటలో నున్నది. అపాయము కూడ అందులోనే గలదు. లోపలి వాలుల వైశాల్యము 50 చదరపు మీటర్లనుకొందము. తుపాను దినమున 10 సెంటీమీటర్ల వాన కురిసినచో ఆ వాకిటిలో 5,000 లీటర్ల నీరు పడును. (ఈ లెక్కను ఏ ఎనిమిదవ తరగతి బాలుడైనను కట్టగలడు.) ఆ నీరంతయు ఒక చిన్న తూముద్వారా వెలుపలికి పోవలెను. వీధి ఎత్తు పెరిగి సిమెంటు రోడ్డు పడిన గ్రామములలో తూము నోరు రోడ్డుకంటె పల్లములో పడిపోయినది. అపుడు నీరు పునాదిలోనికి ఇంకును. కొనబోవువారు పది బిందెల నీరు వాకిట పోయించి, అది ఎటు పోవుచున్నదో వెలుపలికి వచ్చి చూచినచో చాలును. వాలులు కలియు నాలుగు మూలలలోని వాసములు నల్లబడియున్నవేమో చూడవలెను. కారుట అక్కడనే మొదలగును.

తరువాత గోడలు. పాతయిండ్ల గోడలు ఇటుకతో, అడుసుతో లేక డంగుసున్నముతో కట్టినవి. ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నమునకు బెల్లపునీరు, కరక్కాయనీరు చేర్చెడివారు. ఇట్టి గోడకు అడుగున తడిని ఆపు పొర ఉండదు. నేలలోని చెమ్మ దీపపువత్తిలో నూనె వలె పైకి ప్రాకును. సున్నపుపూత సన్నని రంధ్రములు గలది గనుక ఆ చెమ్మ ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోవుచుండును. గోడ తడియుచు ఆరుచు నూరేండ్లు నిలుచును. ఇటీవలి యజమానులు “గట్టిగా ఉండును” అని దీనిపై సిమెంటు పూత వేయించిరి. మంచి చేయబోయి చెరుపు చేయుటకు ఇంతకంటె ఉదాహరణము లేదు. బయటికి దారి లేని చెమ్మ సిమెంటు వెనుక ఇంకను పైకెక్కి దూలపు కొనలను చేరును. లోపలి అడుసు మెత్తబడును. కొన్నియేండ్లకు సిమెంటు పెచ్చులుగా ఊడునపుడు దానితో పాత ఇటుక పొడియు రాలును. కావున నడుము ఎత్తువరకు నిగనిగలాడు క్రొత్త సిమెంటు పూతను, లేక పలకలను చూచి సంతోషింపక, అక్కడ ఏమి కప్పిపెట్టిరో అడుగవలెను.

పగుళ్ళన్నియు ఒకటి కావు. పూతలోని వెంట్రుకవాసి పగుళ్ళు హానికరములు కావు. కిటికీ మూలనుండి ఏటవాలుగా పైకిపోయి, ఒక కొసన సన్నగాను, మరియొక కొసన వెడల్పుగాను ఉండు పగులు నేల కదలినదని చెప్పును. నల్లరేగడి, బంకమట్టి నేలలు వానకు ఉబ్బి, వేసవికి కుంచించుకొనును. పగులుకు అడ్డముగా చిన్న గాజుపలకను సిమెంటుతో అతికించి, తేదీ వ్రాసియుంచు పద్ధతి ఇంజనీర్లలో గలదు. గోడ ఇంకను కదలుచున్నచో గాజు పగులును. వరద నీరు నిలిచిన గోడ సంగతి ఏ పరికరమునకంటె ఇరుగుపొరుగు వృద్ధులకే బాగుగా తెలియును. 1986 ఆగస్టు గోదావరి వరదలో ఈ యింట ఎంత ఎత్తున నీరు నిలిచినది? 1996 నవంబరు తుపానులో కప్పు లేచినదా? దివిసీమయైనచో 1977 ఉప్పెనలో ఏ గోడ పడి మరల కట్టబడినది? ఇట్టి ప్రశ్నలు అరుగుపై కూర్చుండి అడిగినచో పావుగంటలో సగము పరీక్ష ముగియును.

మార్పులు చేసిన యిల్లు మరింత జాగ్రత్తతో చూడదగినది. హాలు విశాలమగునని స్తంభమును తీసివేసినవారు, కారు పట్టుటకు గోడను కోసినవారు, పెంకులు విప్పి అడుసు గోడలపై కాంక్రీటు కప్పు పోసినవారు కలరు. పది సెంటీమీటర్ల మందముగల కాంక్రీటు కప్పు చదరపు మీటరుకు సుమారు 250 కిలోల బరువుండును. మంగుళూరు పెంకులు, బద్దీలు కలిసి అందులో మూడవవంతుకు మించవు. ఆ గోడలను కట్టిన మేస్త్రీ ఈ బరువును కలలోనైన తలపలేదు.

“బ్యాంకు ఇంజనీరు చూచినాడు గదా!” అని కొందరు ధైర్యము చెప్పుకొందురు. ఆతడు చూచునది బ్యాంకు అప్పుకు తగిన విలువ ఉన్నదా అనునది మాత్రమే. ఈ భేదమును తెలుపు వ్యాజ్యమొకటి ఇంగ్లండులో నడచినది. నార్విచ్ పట్టణమున ఒక స్త్రీ చిన్న ఇల్లు కొనెను. అప్పిచ్చిన సంస్థ పంపిన మదింపుదారు ఇల్లు చూచి, ముఖ్యమైన మరమ్మతులవసరము లేదని వ్రాసియిచ్చెను. అంతకుముందే ఎవరో గదిలో చోటు కొరకు పొగగూటి క్రిందిభాగమును తీసివేసియుండిరి. పైభాగమునకు అటకలో ఆధారము లేదు. మదింపుదారు అటకలోనికి తొంగిచూడలేదు. పదునెనిమిది నెలలకు ఆ ఇటుకలు కప్పును చీల్చుకొని క్రింద పడినవి. చిన్న ఇల్లు కొనువారు ఈ నివేదికనే నమ్మి కొందురని మదింపుదారునకు తెలియును గనుక ఆతడే బాధ్యుడని 1989లో ప్రభువుల సభ తీర్పు చెప్పెను. న్యాయము దొరికినది, కాని ఇటుకలు పడిన తరువాత దొరికినది.

ఆ దేశమున కట్టడములను పరీక్షించు సర్వేయరులు 1868లోనే లండనులో ఒక సంస్థగా ఏర్పడిరి. వారి పరీక్షలు నేడు మూడు తరగతులు. పాత యిండ్లకు, మార్పులు చేసిన యిండ్లకు మూడవదానిని, అనగా పునాదినుండి కప్పువరకు సమగ్రముగా చేయుదానిని సూచింతురు. తెలుగు గ్రామములలో అట్టి అలవాటు లేదు. కాని పని తెలిసినవారు లేకపోలేదు. కట్టడముల బలమును లెక్కించగల సివిలు ఇంజనీరు ఒకరు, పాత కలపతో పనిచేసిన వడ్రంగి ఒకరు, సున్నపు పని ఎరిగిన వృద్ధ మేస్త్రీ ఒకరు, ముగ్గురును ఒక దినము ఇంటిలో గడిపినచో చాలును. క్రొత్త కట్టడములు మాత్రమే ఎరిగిన ఇంజనీరును ఒంటరిగా తీసికొనిపోయినచో, “పడగొట్టి కట్టుకొనుడు” అని ఒక్కమాటలో తేల్చుటయు కలదు. అది పరీక్ష కాదు.

ఏలయన పరీక్ష యొక్క ప్రయోజనము ఇల్లు వద్దనుట కాదు. కారుచున్న మూలను చూచి ఇల్లంతయు పోయినదని బెదరి వెనుదిరిగినవారు కలరు. అక్కడ ఇరువది పెంకులు మార్చి, ఒక వాసము వేసిన సరిపోయెడిది. దూలపు కొన కుళ్ళినచో దూలమంతయు తీయనక్కరలేక, చెడినంత కోసి క్రొత్త కర్ర అతికించు నేర్పు వడ్రంగులకు కలదు. వెంటనే చేయవలసినవి, వానకాలములోపల చేయవలసినవి, ముట్టక విడువవలసినవి అని విడివిడిగా, ఒక్కొక్కదానికి అగు ఖర్చుతో వ్రాయించుకొనవలెను. పాత విద్యుత్తు తీగలు మార్చుట, నూతి నీటిని పరీక్షింపజేయుట కూడ అందులో చేర్చవలెను. ఆ కాగితముతో బేరము మాటలాడినచో అమ్మువారికిని కష్టము తోచదు. ధర తగ్గించుమనుట ఆశతో గాక లెక్కతో అనుచున్నట్లగును.

ఇదంతయు బయానా ఇచ్చుటకు ముందు జరుగవలెను. తొందరలో బయానా ఇయ్యక తప్పనిచో, పరీక్షలో పెద్ద లోపము తేలినయెడల ఆ సొమ్ము తిరిగి ఇయ్యవలెనని ఒప్పందపు కాగితములో ఒక వాక్యము వ్రాయించుకొనవలెను. గాజుపలక సంగతికి మాత్రము ఒక వానకాలము, ఒక వేసవి పట్టును. అంతవరకు ఆగగల అమ్మకందారులు అరుదు. కాబట్టి ఆ పగులున్న గోడను తిరిగి కట్టుటకగు ఖర్చును ముందుగానే ధరలోనుండి తీసివేసి మాటలాడుట వాడుక.